విడాకుల వేళ పుట్టింటి ఇంటిపేరు: ఇప్పుడే మార్చుకోవాలా, తీర్పు వచ్చేదాకా ఆగాలా?

భర్త నుంచి విడిగా ఉంటున్న ఆడవాళ్ళకి ఆ ఇంటిపేరు రోజూ ఎక్కడో ఒకచోట ఎదురవుతూనే ఉంటుంది. ఆఫీసు ఈమెయిల్లో ఉంటుంది, బ్యాంకు మెసేజ్‌లో ఉంటుంది, గుమ్మం ముందు నిలబడి కొరియర్ అబ్బాయి అదే పేరుతో పిలుస్తాడు. ఇక చాలు, తీసేద్దాం అనిపించడం సహజం. తీసేసే హక్కు కూడా పూర్తిగా మీదే. పెళ్ళయ్యాక భర్త ఇంటిపేరు పెట్టుకు తీరాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పలేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో అసలు ఇంటిపేరు ప్రస్తావనే లేదు. పెట్టుకోమని చెప్పనప్పుడు, వదులుకోవద్దనీ చెప్పలేదు.

చిక్కంతా కాగితాల దగ్గర వస్తుంది. మీ ముందు నాలుగు దారులున్నాయి. విడిగా ఉంటున్నప్పుడే అధికారికంగా మార్చేసుకోవడం ఒకటి. విడాకుల తీర్పు చేతికొచ్చాక మార్చుకోవడం ఇంకొకటి. కాగితాల జోలికి వెళ్ళకుండా నలుగురిలో వాడుకలో మాత్రం పాత పేరుకి వచ్చేయడం మూడోది. అత్తింటి ఇంటిపేరునే ఉంచేసుకోవడం నాలుగోది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎక్కువమందికి ఇవాళే వాడుకలో మార్చుకుని, కాగితాలను తీర్పు వచ్చాక మార్చుకోవడం మంచిది. మీరు ఆ ఎక్కువమందిలో ఉన్నారో లేదో తెలియాలంటే మాత్రం ముందు ఇంట్లో కూర్చుని ఒక పని చేయాలి.

కాగితాలన్నీ మంచం మీద పరచండి

పదో తరగతి మెమో, డిగ్రీ, ఆధార్, పాన్, పాస్‌పోర్టు, ఓటరు కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, పీఎఫ్ వివరాలు, పెళ్ళి సర్టిఫికెట్, మీ పేరున పొలమో ప్లాటో ఉంటే దాని దస్తావేజు. అన్నీ బయటికి తీసి, ఒక తెల్లకాగితం మీద ఒక్కోదానిలో మీ పేరు ఎలా ఉందో ఇంగ్లీషు స్పెల్లింగుతో సహా రాసుకోండి.

ఉదాహరణకి శారద అనే ఆవిడ ఉందనుకుందాం. పుట్టింటి ఇంటిపేరు చిలుకూరి, అత్తింటిది వేమూరి. మెమోలోనూ డిగ్రీలోనూ చిలుకూరి శారదే. పాన్ కార్డు మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు తీసుకుంది కాబట్టి అదీ చిలుకూరే. పెళ్ళయ్యాక ఆధార్‌లో వేమూరి అయింది, పాస్‌పోర్టులోనూ అయింది. బ్యాంకులో ‘శారద వి’ అని పొడి అక్షరంతో ఉంది. ఓటరు కార్డులో ఉత్త శారద, పక్కన భర్త పేరు. అంటే కచ్చితంగా మార్చాల్సినవి ఆధార్, పాస్‌పోర్టు, బ్యాంకు ఖాతా. అంతే. జీవితంలో ఉన్న కాగితాలన్నీ మార్చుకోవాలేమోనన్న టెన్షన్‌తో నిద్రపట్టని మనిషికి, మూడే అని తేలితే ఎంత ఊరటో ఊహించండి.

మన తెలుగు ఆడవాళ్ళలో చాలామంది పరిస్థితి ఇదే. చదువు కాగితాలు పెళ్ళికి ముందువి కాబట్టి వాటిలో పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది. గ్రూప్ 1, గ్రూప్ 2 లాంటి పరీక్షల దరఖాస్తుల్లో, ఉద్యోగంలో చేరేటప్పుడు సర్టిఫికెట్ల పరిశీలనలో ఆ మెమోలో ఉన్న పేరునే చూస్తారు. మీ కాగితాల్లో సగం ఇప్పటికే మీ పక్షాన ఉన్నాయన్నమాట. కొంతమందికైతే మార్చాల్సిందేమీ ఉండదు. పెళ్ళికార్డుల్లో, బంధువుల పిలుపుల్లో తప్ప ఇంటిపేరు ఎక్కడా మారి ఉండదు. వాళ్ళు ఈ గైడులో వాడుక, నామినీ భాగాలు చూసుకుంటే సరిపోతుంది.

ఇక్కడ రెండు మూడు అపోహలు తీర్చాలి. ఆధార్‌లో చిరునామా దగ్గర భర్త పేరు ఉంటే, అది మీ పేరులో భాగం కాదు, చిరునామాలో భాగం. దాన్ని తీసేయడానికి చిరునామా మార్పు చాలు, పేరు మార్పు అక్కర్లేదు. ఈ తేడా ఎందుకంత ముఖ్యమో కింద చెప్తాను. పాన్ కార్డులో పెళ్ళయిన ఆడవాళ్ళకి కూడా తండ్రి పేరో తల్లి పేరో ఉంటుంది గానీ భర్త పేరు ఉండదు. కాబట్టి అక్కడ చూసుకోవాల్సింది మీ ఇంటిపేరొక్కటే. ఓటరు కార్డులో భర్త పేరు బదులు తండ్రి పేరో తల్లి పేరో కావాలంటే ఫారం 8 నింపాలి. దీనికి తొందరేం లేదు, ఎప్పుడైనా చేసుకోవచ్చు.

స్పెల్లింగు తేడాలను కూడా ఇప్పుడే పట్టుకోండి. శారద పేరు మెమోలో ‘ఎస్’ తర్వాత ‘హెచ్’ లేకుండా, ఆధార్‌లో ‘హెచ్’ తో ఉందనుకోండి. ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. ఇంటిపేరు మారాక ఆ ఒక్క అక్షరం దగ్గరే కౌంటర్లో ‘‘అమ్మా, ఈ పేరు వేరు, ఆ పేరు వేరు’’ అంటారు. మార్చేటప్పుడు ఇంటిపేరు, స్పెల్లింగు రెండూ ఒకే దరఖాస్తులో సరిచేయించుకోండి. దేనితో సరిపోవాలి అంటే, పదో తరగతి మెమోతో.

విడిగా ఉంటున్నప్పుడే మార్చేసుకుంటే

ఈ దారి ఎంచుకునే ముందు మీ కేసు ఎంతకాలం నడిచేలా ఉందో లాయరుని అడగండి. ఇద్దరూ ఒప్పుకుని విడిపోతున్నట్లయితే హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద, ఏడాది విడిగా ఉన్నాక పిటిషన్ వేస్తారు. ఆ తర్వాత మామూలుగా ఆరు నెలలు ఆగాలి. తగిన కారణాలుంటే ఆ ఆరు నెలల గడువుని కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. కొద్ది నెలల్లో తీర్పు వచ్చేట్టుంటే ఇప్పుడు హడావిడి పడటంలో అర్థం లేదు. ఒకరు కావాలని, ఒకరు వద్దని కొట్లాడుకునే కేసులు ఏళ్ళ తరబడి సాగుతాయి. అన్నేళ్ళూ వద్దనుకున్న ఇంటిపేరుతో బతకమని ఎవరినీ నేను అడగలేను.

తీర్పు లేకుండా మార్చుకోవాలంటే గెజిట్, అంటే ప్రభుత్వం అధికారిక ప్రకటనలు అచ్చువేసే పత్రిక, దారి ఉంది. పేరు మార్పు గురించి నోటరీ అఫిడవిట్, పేపర్లలో ప్రకటన, ఆ తర్వాత గెజిట్‌లో అచ్చు వేయించడానికి దరఖాస్తు. కేంద్ర గెజిట్ అయితే ఢిల్లీలోని ప్రచురణల విభాగానికి పంపాలి. తెలంగాణలో రాష్ట్ర గెజిట్ అచ్చయ్యేది హైదరాబాద్ చంచల్‌గూడలోని ప్రభుత్వ ముద్రణాలయంలో. ఆంధ్రప్రదేశ్‌కి దాని గెజిట్ దానికి ఉంది. పేపరు ప్రకటన ఒరిజినల్ కాపీలు పారేయకండి, వాటినే జతచేయమంటారు.

ఇక్కడొక ముల్లు ఉంది. పెళ్ళయిన స్త్రీ పుట్టింటి ఇంటిపేరుకి తిరిగి వెళ్ళాలంటే విడాకుల డిక్రీ (కోర్టు ఇచ్చే తీర్పు పత్రం) కాపీ గానీ, భర్త నుంచి నిరభ్యంతర పత్రం గానీ ఇవ్వాలని కేంద్ర గెజిట్ విభాగం ఒక నోటిఫికేషన్‌లో షరతు పెట్టింది. విడాకుల కేసు నడుస్తున్న ఒక మహిళ దీన్ని ఢిల్లీ హైకోర్టులో సవాలు చేస్తే, 2024 ఫిబ్రవరిలో కోర్టు కేంద్రానికి నోటీసు ఇచ్చింది. తను పుట్టినప్పటి పేరు తను పెట్టుకోవడానికి, ఎవరి నుంచి విడిపోవాలనుకుంటోందో ఆ మనిషి దగ్గరికే వెళ్ళి సంతకం అడగమనడం అన్యాయం. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. దరఖాస్తు పెట్టేముందు ఆ రోజుకి అమల్లో ఉన్న ఫారం, సూచనలు వెబ్‌సైట్‌లో చదువుకోండి. ఏజెంట్ల మాట మీద డబ్బు కట్టేయకండి.

పేరు మార్చుకుంటే భరణం రాదేమో, కేసు బలహీనపడుతుందేమో అని చాలామంది భయపడతారు. అది ఉత్త భయమే. భరణం హక్కు పెళ్ళి జరిగిందా, భర్త పోషణ పట్టించుకున్నాడా, మీకు ఆదాయం ఎంత అన్నవాటి మీద ఆధారపడుతుంది. ఇంటిపేరు మీద కాదు. మీరు చిలుకూరి అయినా వేమూరి అయినా పెళ్ళి పెళ్ళే. అయితే కేసు కాగితాల్లో ఒక పేరు, జీతం స్లిప్పులో ఇంకో పేరు ఉంటే అవతలి లాయరు దాన్ని పట్టుకుని వాయిదాలు సాగదీయవచ్చు. అందుకని మార్చుకోవాలనుకుంటే ముందు మీ లాయరుకి చెప్పండి. కేసు పత్రాల్లో ‘చిలుకూరి శారద అలియాస్ వేమూరి శారద’ అని రెండు పేర్లూ రాయించండి.

ఇంట్లోవాళ్ళ సంగతి కూడా ఉంది. పెద్దమనుషులు ఇంకా రాజీ మాటలు మాట్లాడుతున్న రోజుల్లో గెజిట్ ప్రకటన పేపర్లో పడితే, అటువైపు వాళ్ళు దాన్నే పట్టుకుని ‘‘మీ అమ్మాయే తెంచేసుకుంది’’ అంటారు. అంటే అననివ్వండి అనుకోగలిగితే సరే. అమ్మానాన్నల మీద ఆ ఒత్తిడి ఇప్పుడు వద్దనుకుంటే కొన్ని నెలలు ఆగినా మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు.

మొత్తమ్మీద కేసు ఏళ్ళకేళ్ళు సాగేట్టున్నవాళ్ళకి, మార్చాల్సిన కాగితాలు ఒకటో రెండో ఉన్నవాళ్ళకి, కొత్త ఉద్యోగమో సొంత వ్యాపారమో మొదలుపెడుతూ మొదటి నుంచే పాత పేరుతో ఉండాలనుకునేవాళ్ళకి ఈ దారి బాగుంటుంది. మిగతావాళ్ళకి దీనివల్ల ఖర్చూ తిరుగుడూ తప్ప పెద్ద లాభం కనపడదు.

ఇంటి నుంచి బయటపడి వచ్చినవాళ్ళు పేరు కంటే ముందు చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఆధార్‌కి లింకైన మొబైల్ నంబరు ఎవరిది? పెళ్ళయిన కొత్తలో చాలా ఇళ్ళలో భర్త నంబరే ఇచ్చేస్తారు. అదే ఉంటే మీరు ఏ దరఖాస్తు పెట్టినా ఓటీపీ ఆయన ఫోన్‌కి వెళ్తుంది. మీరు ఎక్కడ ఏం చేస్తున్నారో ఆయనకి తెలిసిపోతుంది. ఆధార్ సెంటర్‌కి వెళ్ళి వేలిముద్ర వేసి నంబరు మార్చుకోవచ్చు, దానికి వేరే కాగితాలు అడగరు. బ్యాంకు ఖాతాకి ఉన్న నంబరు, ఈమెయిల్ కూడా అదే వారంలో మార్చేయండి. ఇంటిపేరు నిదానంగా మార్చుకోవచ్చు, ఇది మాత్రం ఆలస్యం చేయకండి.

తీర్పు దాకా ఆగితే

డిక్రీ చేతిలో ఉంటే చాలా కౌంటర్ల దగ్గర వాదన తగ్గిపోతుంది. అందుకే నేను దీనివైపు మొగ్గుతాను. అయితే ఊరికే ఎదురుచూడటం వేరు, ఆ డిక్రీ మీకు పనికొచ్చేలా రాయించుకోవడం వేరు. చాలామంది ఇక్కడే జారవిడుచుకుంటారు.

పరస్పర అంగీకారంతో విడిపోతున్నప్పుడు భరణం, నగలు, సామాను, పిల్లల గురించి షరతులు రాసుకుంటారు కదా. అందులోనే ఒక్క వాక్యం చేర్చమని అడగండి: భార్య ఇకపై పెళ్ళికి ముందున్న ఇంటిపేరు వాడుకుంటుంది, దానికి భర్తకి అభ్యంతరం లేదు. ఆ రోజున ఇది పైసా ఖర్చులేని పని. పిటిషన్ మొదటి పేజీలో మీ పేరు అలియాస్‌తో సహా రెండు రకాలుగానూ ఉండేలా చూడండి. రెండు ఇంటిపేర్లూ ఉన్న కోర్టు కాగితం ఒక్కటుంటే, ‘ఈ ఇద్దరూ ఒకరే’ అని ప్రతి ఆఫీసులో అఫిడవిట్ రాసిచ్చే బాధ చాలావరకు తప్పుతుంది.

తీర్పు వచ్చాక డిక్రీ సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టి రెండు మూడు తీసుకోండి. జిరాక్సులు చాలా చోట్ల చెల్లవు. అందుకునేటప్పుడే పేరు స్పెల్లింగు, పెళ్ళి తేదీ సరిచూసుకోండి. తప్పుంటే అప్పుడే కోర్టులో సరిచేయించుకోవడం తేలిక. పోట్లాడి తెచ్చుకున్న డిక్రీ అయితే అప్పీలు గడువు దాటేదాకా ఆగి మొదలుపెట్టండి.

ఇక ఆధార్. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దెబ్బతినేది ఇక్కడే. ఆధార్‌లో పేరు మామూలుగా జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చినప్పుడు ఒకసారి అయిపోయి ఉంటుంది. మిగిలింది ఒక్కటి. ఆ ఒక్కదాన్ని విడిపోయిన కోపంలో మొదటి వారమే వాడేసి, స్పెల్లింగు తప్పు దొర్లితే, మూడోసారికి ప్రత్యేక అనుమతి కోసం హైదరాబాద్‌లోని ప్రాంతీయ కార్యాలయం చుట్టూ తిరగాలి. భర్త పేరు తీయడానికి చిరునామా మార్పు చాలని పైన చెప్పింది అందుకే. అది ఈ రెండు అవకాశాల్లో లెక్కకు రాదు. మళ్ళీ పెళ్ళి చేసుకునే ఆలోచన ఉండి, అప్పుడూ ఇంటిపేరు మార్చుకుంటామనుకునేవాళ్ళు ఇదంతా ముందే ఆలోచించుకోవాలి. నన్నడిగితే ఈసారి పుట్టింటి ఇంటిపేరుకి వచ్చాక ఇక దాన్ని కదపకుండా ఉంచుకోవడమే అన్ని రకాలా సుఖం.

డిక్రీ ఉన్నాక గెజిట్ కూడా కావాలా? బ్యాంకులకి రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన కేవైసీ (ఖాతాదారుల గుర్తింపు) నిబంధనల్లో, గుర్తింపు పత్రం ఇచ్చాక పేరు మారితే ఆధారంగా చూపమన్నవి రెండే: ప్రభుత్వం ఇచ్చిన వివాహ ధ్రువపత్రం, గెజిట్ ప్రకటన. విడాకుల డిక్రీ మాట అక్కడ లేదు. కొన్ని బ్రాంచిల్లో మేనేజరు డిక్రీ చూసి సరే అంటారు, కొన్నిచోట్ల నిబంధన పుస్తకం తీసి గెజిట్ తెమ్మంటారు. ఆధార్, పాన్ రెండూ ముందే మారిపోయి ఉంటే గొడవ చాలావరకు ఉండదు. ప్రభుత్వ ఉద్యోగం ఉండి సర్వీసు రిజిస్టరులో మార్పించుకోవాల్సినవాళ్ళు, ఆస్తులు ఉన్నవాళ్ళు, విదేశాలకి వెళ్ళే ఉద్దేశం ఉన్నవాళ్ళు ఖర్చుకి వెనకాడకుండా గెజిట్ చేయించుకోండి. మిగతావాళ్ళు డిక్రీతో మొదలుపెట్టి, ఎక్కడైనా ఆగితే అప్పుడు ఆలోచించవచ్చు. మీ పెళ్ళి సర్టిఫికెట్‌ని కోపంతో చింపేయకండి. పెళ్ళినాటికి మీ పేరేమిటో చెప్పే ప్రభుత్వ కాగితం అది.

క్రమం విషయానికొస్తే ముందు ఆధార్, వెంటనే పాన్. ఈ రెండింటిలో పేరు ఒక్కలా లేకపోతే లింకు దగ్గర, ఆదాయపన్ను రిటర్ను దగ్గర ఇబ్బంది వస్తుంది. పాన్‌లో ఇంటిపేరుకి పొడి అక్షరం ఒప్పుకోరు, పూర్తిగా రాయాలి. ఆ రెండూ వచ్చాక బ్యాంకు. అక్కడ సంతకం కూడా మార్చాలంటే విడిగా అడగాలి, లేకపోతే పేరు చిలుకూరి అయి సంతకంలో వేమూరి మిగిలిపోతుంది. ఆ తర్వాత పీఎఫ్, ఇన్సూరెన్సు, మ్యూచువల్ ఫండ్లు.

పాస్‌పోర్టు ఎప్పుడు అన్నది మీ ప్రయాణాలని బట్టి. 2016 డిసెంబరులో విదేశాంగ శాఖ నిబంధనలు సడలించాక, విడిగా ఉంటున్నవాళ్ళు, విడాకులు తీసుకున్నవాళ్ళు దరఖాస్తులో భర్త పేరు రాయనక్కర్లేదు. అందుకోసం డిక్రీ కూడా చూపనక్కర్లేదు. కానీ భర్త పేరు తీసేయడం వేరు, మీ ఇంటిపేరే మారడం వేరు. రెండోదానికి రీఇష్యూ దరఖాస్తు, పేరు మారినట్టు ఆధారం కావాలి. ఈలోగా విమానం టికెట్ కొంటే పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే కొనండి. వీసా స్టాంపింగ్ దగ్గరపడితే అది పూర్తయ్యేదాకా పాస్‌పోర్టుని కదపకండి.

వాడుకలో మాత్రం మార్చుకోవడం

దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఈ సాయంత్రమే చేయవచ్చు. వాట్సాప్, ఫేస్‌బుక్, లింక్డ్‌ఇన్, గుమ్మం మీద నేమ్‌ప్లేటు, విజిటింగ్ కార్డు. ఆఫీసులో హెచ్‌ఆర్‌ని అడిగితే ఈమెయిల్లో కనపడే పేరు మారుస్తారు, జీతం కాగితాల్లో పాతదే ఉంటుంది. చెక్కు మీద, దరఖాస్తుల మీద, ఒప్పందాల మీద మాత్రం గుర్తింపు కార్డులో ఉన్న పేరే రాయాలి. ఈ ఒక్క గీత దాటనంతవరకు తప్పేమీ లేదు.

కొందరు దీన్ని సగం పనిగా చూస్తారు. నేనలా అనుకోను. పొద్దున్నే ఇన్‌బాక్స్ తెరిస్తే మీ పేరు మీ పేరులా కనపడటం చిన్న విషయం కాదు. కోర్టు తేదీలు మీ చేతిలో లేవు, ఇదైనా మీ చేతిలో ఉంది. పైగా కొన్ని నెలలు ఇలా వాడి చూస్తే, కాగితాల్లోనూ మార్చుకోవాలని నిజంగా ఉందా లేక అప్పటి ఆవేశమా అన్నది మీకే తెలుస్తుంది. ఇంటిపేరు రెండూ వద్దు, నా పేరు చాలు అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. వాడుకలో అదీ హాయిగా చెల్లుతుంది. గుళ్ళో అర్చనకి పంతులుగారు గోత్రం అడిగితే ఏది చెప్పాలో తోచక తడబడేవాళ్ళు చాలామంది. మీ మనసుకి ఏది సమ్మతమో అదే చెప్పండి. అక్కడ ఎవరూ సర్టిఫికెట్ అడగరు.

అత్తింటి పేరే ఉంచుకుంటే

విడాకులయ్యాక ఆ ఇంటిపేరు వదిలేసి తీరాలన్న చట్టం లేదు. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో ఆ పేరుతోనే డాక్టరుగానో టీచరుగానో తెలిసినవాళ్ళకి, ఆ పేరుతో పరిశోధన పత్రాలు అచ్చయినవాళ్ళకి అది భర్త ఇచ్చిన పేరు కాదు, వాళ్ళు కష్టపడి సంపాదించుకున్న పేరు. బంధువులు ‘‘ఇంకా ఆ పేరెందుకమ్మా’’ అంటే జవాబు చెప్పాల్సిన పనిలేదు. పిల్లలతో ఒకే ఇంటిపేరు ఉండాలని ఉంచుకునేవాళ్ళూ ఉన్నారు, అదీ మంచి కారణమే. దరఖాస్తుల్లో వైవాహిక స్థితి దగ్గర విడాకులు తీసుకున్నట్టు సరిగా రాస్తే చాలు.

పిల్లల ఇంటిపేరు సంగతి

మీ ఇంటిపేరు మారితే పిల్లలది మారదు, మార్చనూ అక్కర్లేదు. తల్లి ఇంటిపేరు వేరే ఉన్నా స్కూల్లో, ఆసుపత్రిలో, పాస్‌పోర్టు ఆఫీసులో జనన ధ్రువపత్రంలో తల్లిగా మీ పేరుంటే సరిపోతుంది. అక్కడ అత్తింటి ఇంటిపేరుతో ఉంటే డిక్రీ కాపీ వెంట పెట్టుకోండి.

పిల్లలకి కూడా పుట్టింటి ఇంటిపేరు పెట్టాలనుకుంటే అది వేరే పోరాటం. 2022 జులైలో సుప్రీంకోర్టు ఒక తెలుగు కుటుంబం కేసులో, పిల్లల ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లికి ఉందని తీర్పు చెప్పింది. తల్లి రెండో భర్తను రికార్డుల్లో సవతి తండ్రిగా రాయమన్న హైకోర్టు ఆదేశాన్ని కొట్టేసింది. ఈ తీర్పు చూపించి ‘‘నాకూ ఆ హక్కుంది’’ అనుకునేముందు ఒకటి గమనించాలి. ఆ కేసులో కన్నతండ్రి చనిపోయాడు, తల్లే ఏకైక సహజ సంరక్షకురాలు. విడాకుల్లో తండ్రి బతికే ఉంటాడు, సంరక్షణ హక్కుల్లో అతనికీ చోటుంటుంది. అతని ఒప్పుదల గానీ కోర్టు ఉత్తర్వు గానీ లేకుండా మార్చబోతే కేసులో కేసు పుట్టుకొస్తుంది. పదో తరగతికి దగ్గరపడ్డ పిల్లలుంటే మెమోలో ఏ పేరు పడాలన్నది ముందే తేల్చుకోండి. పెద్ద పిల్లలైతే వాళ్ళని అడగండి.

అమెరికాలో ఉన్నవాళ్ళకి

అక్కడ పద్ధతి మనకంటే సులువు. విడాకుల పిటిషన్‌లోనే పాత పేరు తిరిగి కావాలని కోరితే చాలా రాష్ట్రాల్లో జడ్జి డిక్రీలోనే రాసేస్తారు. టెక్సాస్‌లో ఇది మామూలు. కాలిఫోర్నియాలో అప్పుడు మర్చిపోయినా తీర్పు తర్వాత ఎఫ్‌ఎల్-395 అనే ఫారంతో అడగవచ్చు. మొదట సోషల్ సెక్యూరిటీ కార్డు, ఆ తర్వాత డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు దాన్నీ రీఇష్యూ చేయించుకోవాలి. అందులో ఉన్న అమెరికా వీసా పాత పేరుతో ఉంటుంది కాబట్టి, కొత్త పేరుతో వీసా తీసుకోవడం మేలు. హెచ్4 మీద, అంటే భర్త ఉద్యోగ వీసా ఆధారంగా వచ్చే వీసా మీద ఉన్నవాళ్ళకి విడాకులతో ఆ స్టేటస్ పోతుంది. మీరు ముందు కలవాల్సింది ఇమిగ్రేషన్ లాయరుని, పేరు సంగతి ఆ తర్వాత.

పేరు మారినా మారనివి

పాత పేరుతో ఉన్న సేల్ డీడ్‌ని మళ్ళీ రిజిస్టర్ చేయించాల్సిన పనిలేదు. అమ్మేటప్పుడు కొత్త దస్తావేజులో రెండు పేర్లూ రాయించి డిక్రీయో గెజిటో జతచేస్తే సరిపోతుంది. పొలం పట్టాదారు పాసుపుస్తకంలో భర్త పేరు దగ్గర ఏముందో మాత్రం తహసీల్దారు ఆఫీసులో ఒకసారి కనుక్కోండి.

నామినీ ఎవరన్నది ఇంకా ముఖ్యం. మీ ఇంటిపేరు ప్రతి కాగితంలో మారిపోయినా, బ్యాంకు డిపాజిట్‌లో, ఎల్‌ఐసీ పాలసీలో, పీఎఫ్‌లో నామినీ గడిలో ఆయన పేరు అలాగే ఉంటుంది. విడాకులతో అది దానంతట అది చెరిగిపోదు. దీనికి డిక్రీ కోసం ఆగనక్కర్లేదు. బ్యాంకులో నామినేషన్ మార్పు ఫారం ఒక్కటి నింపితే చాలు, అమ్మ పేరో తమ్ముడి పేరో రాసి రసీదు తీసుకోండి. పీఎఫ్‌లో నామినీలు కుటుంబసభ్యులే అయి ఉండాలి కాబట్టి, అక్కడ ఎవరి పేరు రాయవచ్చో మీ ఆఫీసులో అడిగి ఈ-నామినేషన్ చేయండి. జాయింట్ ఖాతా ఉంటే అది వేరే సంగతి, దాన్ని మూసేముందు లాయరుతో మాట్లాడండి.